రివాల్వరు మీద తుప్పు

రివాల్వరున్న ఇల్లంటే జనం ఏమేమో ఊహించుకుంటారు గానీ, నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్నది ఉత్త అలంకారమేనండీ. కొల్లేటి ఒడ్డున, ఊరికి ఎడంగా ఒంటరి ఇల్లు మాది. దొంగల భయమని మా ముత్తాత లైసెన్సు తెచ్చుకుని కొన్నారట. నాకు తెలిసి అది ఒక్కసారీ పేలలేదు. ఏడాదంతా బీరువాలో నూనె గుడ్డలో పడుండి, దసరాకి మాత్రం బయటికొచ్చేది. ఆయుధపూజనాడు నాగలి, కొడవళ్ళు, మా మామ్మ కత్తిపీట, వాటి పక్కన ఇదీ బొట్టు పెట్టించుకునేది.

దాన్ని ఉత్తచేత్తో ఎవరు ముట్టుకున్నా మా తాతయ్య ఊరుకునేవారు కాదు. మనిషి చెమటలో ఉప్పుంటుంది, దానికి కొల్లేటి గాలి తోడైతే ఇనుము బతకదు అనేవారు. ఆయన కూడా గుడ్డతోనే పట్టుకుని గుడ్డతోనే పెట్టేవారు. మేం పిల్లలం సరదాకి వేలు చాపామా, ఇల్లెగిరిపోయేలా కేకేసేవారు.

ఆ ఏడు దసరా ముందు ముసురు పట్టి వదల్లేదు. మా బాబాయి, అంటే మా నాన్న తమ్ముడు, తాతయ్యని బతిమాలి బతిమాలి, వరి పండే చేను తవ్వించి చేపల చెరువు చేయించాడు. మా ఊళ్ళో అదే మొదటి చెరువు. ఎండ మొహం చూడక, గాలి ఆడక, ఓ తెల్లవారుజామున చేపంతా పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని కొట్టుకుంది. పొద్దెక్కేసరికి చచ్చి చెరువంతా తెల్లగా తేలిపోయింది. ఆ కంపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

చూడ్డానికొచ్చినవాళ్ళు ఊరికే పోతారా? "బంగారంలాంటి చేనండీ, చేజేతులా పాడుచేసుకున్నారు" అని తాతయ్య మొహం మీదే అనేసి పోయారు. తాతయ్య ఎవరికీ జవాబు చెప్పలేదు. బాబాయినీ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదండీ. ఆ మాటల్లేనితనానికి ఇంట్లో అందరికీ ఊపిరాడేది కాదు. బాబాయి కంచం ముందు కూర్చునేవాడు, అన్నం కలిపేవాడు, లేచిపోయేవాడు.

ఆయుధపూజకి ముందురోజు తాతయ్య వీధరుగు మీద కూర్చుని గుడ్డ విప్పారు. రివాల్వరు గొట్టం మీద ఎర్రగా తుప్పు. మామూలు తుప్పయితే చుక్కలు చుక్కలుగా ఉంటుంది. ఇది గుప్పిట బిగించి పట్టుకున్నట్టు నాలుగు చారలుగా ఉంది. నాలుగో చార పొట్టి. మా బాబాయికి ఎడమచేతి చిటికెన వేలు సగమే, కుర్రతనంలో కోతల్లో కొడవలి తగిలి తెగిపోయింది. నేనేదో పొడుపుకథ విప్పినదానిలా "తాతయ్యా, ఇది బాబాయి చెయ్యి!" అని చప్పట్లు కొట్టాను.

మామ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది. తాతయ్య అందులో ఉన్న తూటాలు ఊడదీసి రొంటిన దోపుకున్నారు. వాటినేం చేశారో తర్వాత ఎవరికీ చెప్పలేదు. నాకప్పుడేమీ అర్థం కాలేదు గానీ, మామ్మ ఏడుపు చూసి నాకూ ఏడుపొచ్చింది.

ఏలూరులో తుపాకులు బాగుచేసేవాళ్ళకి ఇచ్చెయ్యండి, కొంపలో ఉంచకండి అని మామ్మ కాళ్ళావేళ్ళా పడింది. తాతయ్య వినలేదు. బాబాయిని పిలిచి, "అబ్బాయ్, ఈ మరకలు నువ్వే పోగొట్టాలి. ఇలా వచ్చి కూచో" అన్నారు. దాన్నెందుకు పట్టుకున్నావని మాత్రం అడగలేదు.

పాత రాగి కాణీ ఒకటి, కుట్టుమిషను నూనె, మామ్మ పాతచీర పీలికలు ఇచ్చారు. రాగి మెత్తన కాబట్టి కాణీ అంచుతో గీకితే తుప్పు లేస్తుంది, ఇనుముకి గీత పడదు. అలా పొద్దున్నే బాబాయి అరుగు మీద కూర్చుని గీకడం, నూనె రాసి తుడవడం. పక్కనే తాతయ్య జనపనార తాళ్ళు పేనుతూ ఉండేవారు. గేదె ఈనడం గురించో, గట్టు తెగడం గురించో ఎప్పుడైనా ఓ ముక్క మాట్లాడేవారు. రుద్దిన చోట నల్లటి పూత ఊడి ఇనుము తెల్లగా బయటపడింది. హమ్మయ్య అయిపోయిందనుకుంటే, మర్నాటికి మళ్ళీ ఎర్రగా తుప్పు! దసరా వెళ్ళిపోయింది, ఆ పని మాత్రం తెమల్లేదు. పాడు వాతావరణం అని మామ్మ ముసురుని తిట్టిపోసేది.

ఒక మధ్యాహ్నం బాబాయి నూతి దగ్గరికి చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు. నేను తలుపు చాటున ఉన్నాను. తాతయ్య అటూ ఇటూ చూసి, మెడ మీద చెమట అరచేత్తో తుడుచుకుని, ఆ గొట్టాన్ని ఉత్తచేత్తో గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచి నన్ను చూసి, ఎవరికీ చెప్పకన్నట్టు తల అడ్డంగా ఊపారు. నేను చెప్పలేదండీ.

రెండురోజులు పోయాక పొద్దున్నే గుడ్డ విప్పిన బాబాయి తన ఎడమచెయ్యి ఆ మరక పక్కన పెట్టి చూసుకున్నాడు. "నాన్నగారండీ, ఇది నా చెయ్యి కాదండీ" అన్నాడు. ఆ తుప్పులో చిటికెన వేలు నిండుగా ఉంది.

తాతయ్య చేతిలో తాడు ఆగిపోయింది. "నాదేరా" అన్నారు. "పని అయిపోతే లేచి ఎటు పోతావోనని. నాకు భయంగా ఉందిరా అబ్బాయ్."

ఆయన నోట భయమన్న మాట మా ఇంట్లో ఎవ్వరం ఎప్పుడూ వినలేదు. బాబాయి ఆ రివాల్వరు కింద పెట్టి, ఆయన ఒళ్ళో తలపెట్టి, అంత మనిషీ భోరుమని ఏడ్చాడు.

తర్వాత ఇద్దరూ బస్సెక్కి ఏలూరు వెళ్ళి, దాన్ని మచ్చతోనే సర్కారుకి అప్పగించి వచ్చారు. చెరువు పూడ్చి మళ్ళీ వరి వేశారు. బాబాయి మునుపటిలా నవ్వింది మాత్రం లేదు. ముసురు పడితే ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అలాగే బతికాడు, పెళ్ళాం పిల్లల్ని చూసుకున్నాడు, ముసలివాడయ్యాకే పోయాడు.

నాకు పెళ్ళయి తాడేపల్లిగూడెం వచ్చేశాక ఓసారి మా ఇంటికొచ్చాడు. ఉండబట్టలేక అడిగేశాను, తాతయ్య వేసిన ఆ ఎత్తే నిన్ను నిలబెట్టింది కదా బాబాయ్ అని. "ఎత్తు కాదే అమ్మాయ్. నాన్నగారు మాట్లాడకపోయేసరికి, నేను పోతే ఆయనకి పీడ విరగడవుతుందనుకున్నాను. ఆయనకి భయమని నాకేం తెలుసు?" అన్నాడు.

అందుకే తాతయ్య మీద నాకు ఇప్పటికీ కోపమేనండీ. ఎంత ప్రేమ లేకపోతే అలా కాపలా కూర్చుంటారు? మరి ఆ ఒక్క ముక్క చేపలు చచ్చిన రోజే అనేస్తే ఏం పోయింది? ఆలస్యం అమృతం విషం అని ఊరికే అన్నారా? ఇంకొన్నాళ్ళు ఆగుంటే ఏమయ్యేదండీ?

పోయిన నెల మా పక్కింటి అమ్మాయి పరీక్ష తప్పి గదిలోకెళ్ళి తలుపేసుకుంది. కాసేపు దాని మానాన దాన్ని వదిలేద్దాం పిన్నిగారూ అంది వాళ్ళమ్మ. నా వల్ల కాలేదు. వెళ్ళి తలుపు కొట్టి, "అమ్మాయ్, నాకు భయమేస్తోందే, గడియ తియ్యి" అన్నాను. లోపల అలికిడి లేదు. మళ్ళీ అన్నాను. వీధిలో వాళ్ళు వచ్చి చూస్తున్నారు. చూస్తే చూశారు, నాకు సిగ్గేమిటండీ? అది తలుపు తీసేదాకా అదే మాట అంటూ అక్కడే నిలబడ్డాను.