మా ఇంటికి హెచ్.డి. టీవీ ఎందుకు వచ్చింది

నేను రాసుకునే బల్ల దగ్గర నుంచి హాల్లో టీవీ కింద వెలిగే చిన్న ఎర్ర లైటు కనిపిస్తుంది. గోడ దగ్గర స్విచ్ ఆపమని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ ఆపరు. ఆ టీవీని ఎంచింది నేనేనని ఒకప్పుడు మా వీధిలో అందరికీ చెప్పుకున్నాను.

మా బాబుకి మూడో ఏట జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. చాలామంది పిల్లలకు వచ్చేదే, అయిదేళ్లు దాటితే పోతుంది, కంగారు పడకండి అన్నారు రాజమండ్రిలో మేము చూపించే డాక్టరు గారు. నేను కంగారు పడడం మానలేదు. ఆ రోజుల్లోనే మా ఆయన స్నేహితుడి ఇంట్లో వీడియో గేమ్ పెట్టె చూశాం. దాంతోపాటు వచ్చిన చిన్న పుస్తకం తిరగేస్తే, మెరిసే బొమ్మల వల్ల కొందరికి ఫిట్స్ రావచ్చని సన్నటి అక్షరాల్లో రాసి ఉంది. మా ఆయన అప్పటికే ఆ పెట్టె మీద మనసు పడ్డారు. నేను వద్దన్నాను. జ్వరంతో వచ్చే ఫిట్స్‌కీ దానికీ సంబంధం లేదని డాక్టరు గారు చెప్పాక కూడా వద్దన్నాను.

"సరే, వీడికి అయిదేళ్లు నిండేదాకా మనింట్లోకి గేమ్ రాదు. చాలా?" అని ఆయన పక్కనే ఆడుకుంటున్న బాబు తల మీద చెయ్యి వేశారు.

"పసివాడి తల మీద ఒట్లేంట్రా? తియ్ చెయ్యి!" అని అత్తయ్య గారు కసిరారు. ఆవిడ నా పక్షమనుకున్నాను. మా అమ్మకి కూడా చెప్పని భయాలు ఆవిడకే చెప్పేదాన్ని.

కొన్ని నెలల తర్వాత ఆయనే టీవీ మాట ఎత్తారు. మా పాత టీవీ బాగానే పనిచేస్తోంది. కానీ ఆ గాజు ట్యూబు మన కంటికి తెలియకుండా రెపరెపలాడుతూ ఉంటుందనీ, కొత్త ఎల్.సి.డి.లో అది ఉండదనీ అన్నారు. "బాబు కోసమే అంటున్నాను," అన్నారు. బి.ఎస్సీ.లో ఫిజిక్స్ చదివినదాన్ని, అందులో నిజం ఉందని తెలుసు. ఆ రోజే ఒప్పుకున్నాను. సోఫాకీ గోడకీ మధ్య దూరం కొలిచి, ఎంత పెద్దది కొంటే కళ్ళకి శ్రమ ఉండదో లెక్క వేశాను. టేపు రెండో కొస పట్టుకున్నది అత్తయ్య గారే.

మెయిన్ రోడ్డులో షాపుకి ముగ్గురం వెళ్ళాం. నాకు ప్లాస్మా టీవీ నచ్చింది. దాంట్లో నలుపు నలుపులాగే ఉంది.

"వద్దు. కదలని బొమ్మ ఎక్కువసేపు ఉంటే దాంట్లో మచ్చ పడిపోతుంది," అన్నారు ఆయన.

"కదలని బొమ్మ మనింట్లో ఎవరు చూస్తారండీ?"

"క్రికెట్ స్కోరు ఉంటుంది కదా."

అంతటితో ఆగలేదు. వెనకాల హెచ్.డి. కేబుళ్ళు పెట్టే చోట్లు ఎన్ని ఉన్నాయని వంగి చూశారు. మీట నొక్కిన వెంటనే బొమ్మ కదులుతుందా, ఆలస్యమవుతుందా అని షాపతన్ని పదేపదే అడిగారు.

"రిమోట్ నొక్కడానికి అంత తొందరేంటండీ? చానెల్ అరక్షణం ఆగి వస్తే కొంప మునుగుతుందా?" అన్నాను. షాపతను నవ్వాడు.

"సారు గేమ్స్ ఆడతారా అండీ? అయితే ఇదిగో, దీంట్లో గేమ్ మోడ్ ఉందండి."

ఆయన నోరు తెరిచేలోపే అత్తయ్య గారు అందుకున్నారు. "మావాడా? ఆడడు బాబూ! వాడికి బ్యాంకు పనే సరిపోతుంది."

"ఊరికే అడిగానండి, పెద్దమ్మ గారూ."

అంత గట్టిగా ఎందుకన్నారో నేను ఆలోచించలేదు. గేమ్ మోడ్ ఉన్నదే కొన్నాం. ఇంటికి వచ్చాక అత్తయ్య గారు గంధం చాది, టీవీ అంచు మీద ఉంగరం వేలితో చిన్న బొట్టు పెట్టి, మధ్యలో కుంకుమ అద్దారు. కుక్కర్ కొన్నా, కుర్చీ కొన్నా ఆవిడ పద్ధతి అదే.

కొన్ని వారాలకి అన్నవరంలో వ్రతం చేయించుకుందామని బయలుదేరాం. కారు గుమ్మంలో ఉంది. ఆవిడ స్నానానికి వెళ్తూ, "అమ్మాయ్, బీరువాలో నా ఆకుపచ్చ పట్టుచీర తీసి ఉంచు," అన్నారు. నేను బీరువా తెరిచేసరికి స్నానాల గదిలోంచి ఆవిడ కేక వినిపించింది. "ఉండమ్మాయ్! నేనే తీసుకుంటాలే!"

చీర కింద నల్లటి గేమ్ పెట్టె ఉంది. మూత మీద గంధం ఎండి బీటలు వారింది. మధ్యలో కుంకుమ.

దాచింది మా ఆయనొక్కరే అయితే కోపం వచ్చేది, అరిచేదాన్ని. ఆ బొట్టు మాత్రం అత్తయ్య గారిది. పెట్టె బయటికి తీశాను. తడి జుట్టుతోనే వచ్చి నిలబడ్డారు అత్తయ్య గారు.

"మీకు తెలుసా అండీ?" అన్నాను.

"వాడు ముచ్చటపడి టీవీ కంటే ముందే తెచ్చుకున్నాడమ్మా. పాత టీవీలో బాగా కనపడలేదట."

"మరి ఈ బొట్టు?"

"కొత్త వస్తువు కదా. బొట్టు పెట్టకుండా ఇంట్లో ఎలా ఉంచుతాం?"

అప్పుడు అర్థమైంది. టీవీ వచ్చాక గేమ్ మీద ఆశ పుట్టలేదు. గేమ్ కోసమే టీవీ వచ్చింది. నా భయాన్ని నాకే చూపించి నన్ను ఒప్పించారు. నేను కొలిచిన కొలతలు ఆయన ఆటకి పనికొచ్చాయి.

ఇంతలో బాబు పరుగెత్తుకొచ్చాడు. నా చేతిలో పెట్టె చూసి ఆగిపోయాడు.

"మామ్మా, అమ్మకి చెప్పకూడదన్నావుగా!"

అప్పుడు అంతా బయటపడింది. శనివారం మధ్యాహ్నాలు నేను కాలేజీలో ల్యాబ్ చూసుకోవడానికి వెళ్తాను. ఆయనకి ఆ రోజు బ్యాంకు ఒంటిపూటే. ఆ పూటల్లో వాడు తండ్రి ఒళ్ళో కూర్చుని కారు పందేలు ఆడుతున్నాడు. నేను వచ్చే వేళకి మామ్మ పెట్టె లోపల పెట్టేస్తుంది.

వ్రతం మానలేదు. కొండ మీద ఆయన పక్కనే పీట మీద కూర్చున్నాను. కథలో ఇచ్చిన మాట తప్పినవాడి సంగతి వచ్చినప్పుడు ఆయన తల దించుకుని అక్షతలు నలుపుతూ కూర్చున్నారు. ఇంటికి వచ్చాక, "వాడికి ఏమీ కాలేదు కదా, డాక్టరు గారు చెప్పారు కదా," అన్నారు. క్షమించమని మాత్రం అనలేదు.

మర్నాడు ఆ పెట్టె నేనే తెచ్చి టీవీ కింద అందరికీ కనపడేలా పెట్టాను. ఆడేదేదో నా ఎదుట ఆడమన్నాను. వాడు ఆడుతున్నంతసేపూ తెర వైపు కాక వాడి కళ్ళలోకి చూస్తూ కూర్చునేదాన్ని. ఏమీ కాలేదు. వాడికి అయిదు నిండి ఆరో ఏడు నడుస్తోంది. ఫిట్స్ మళ్ళీ రాలేదు. ఆ భయం తీరింది.

కానీ నేను కాలేజీ నుంచి వచ్చి, "ఇవాళ ఏం చేశావు నాన్నా?" అని అడిగితే వాడు వెంటనే చెప్పడు. ముందు మామ్మ వైపు చూస్తాడు. ఆ తర్వాత నాకు చెబుతాడు.