ఎడమ బూటు

పద్నాలుగేళ్లు ఫుట్‌బాల్ డిఫెండర్‌గా ఆడినవాణ్ణి జట్టంతా గోడ అని పిలిచేది. మేనేజరయ్యాకా ఆ పేరు పోలేదు. మడమ విరిగి అతుక్కున్నాక అతని ఎడమకాలు కాస్త పొట్టిదైంది. అందుకని మ్యాచ్ రోజున పాత పేపరు మడిచి ఆ బూటులో పెట్టుకుని, నేలను రెండుసార్లు తన్ని చూసుకుంటాడు. ఆవేళ ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదిలోకి క్లబ్బు ప్రెసిడెంటుగారే వచ్చి, తను రాసుకొచ్చిన జట్టు కాగితం అతని చేతిలో పెట్టారు. డిఫెన్సులో ఆయన అల్లుడి పేరుంది.

"బంతొస్తే కళ్లు మూసుకుంటాడండీ మీ అల్లుడు," అన్నాడు గోడ.

"నా మాట కాదంటే ఈ ఉద్యోగానికి నీళ్లొదులుకో."

గోడ బల్లమీద కూర్చుని ఎడమ బూటు విప్పాడు. నలిగిన పేపరు తీసేసి, ప్రెసిడెంటుగారి కాగితాన్ని మడతలు పెట్టి లోపల సర్దాడు. లేసు బిగించి లేచి, నేలను రెండుసార్లు తన్నాడు.

"ఎత్తు సరిపోయిందండీ," అని జట్టు వైపు తిరిగాడు. "పదండ్రా, నిన్న చెప్పిన పదకొండుమందే!"