ల్యాప్‌టాప్ ముసుగుకు కిటికీలు

ఇరాక్‌లో బస్రా పక్కనున్న అబుల్ ఖసీబ్‌లో, ఖర్జూర తోటల మధ్య ఊరి బడిలో ఆరో తరగతి వరకే చదివాను. అయినా బస్రాలో నేను చల్లబరచని యంత్రం లేదు. నలభై ఏళ్లు నీటి కూలర్లు బాగుచేశాను. రేవు ఆఫీసులో పద్దెనిమిది, ఆడపిల్లల బడిలో పదకొండు నా చేతిమీదుగా నడిచినవే. అరవయ్యో ఏట కళ్లజోడు మార్చి ల్యాప్‌టాప్‌ల పని నేర్చుకున్నాను. ఆ మొదటి వేసవిలోనే మూడు వందల పన్నెండు విప్పాను. తిరిగి పనిచేయనివి రెండే.

ఒక్కటి మాత్రం నన్ను కస్టమర్ ఇంటిదాకా నడిపించింది.

సెప్టెంబరు వచ్చినా ఎండ తగ్గలేదు. ఒకరోజు పొద్దున్నే మా వీధి చివరింటి నిబ్రాస్ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఇంజినీరింగ్ ఆఖరి ఏడు. సాయంత్రం నాలుగింటికి తను గీసిన వంతెనను అధ్యాపకులకు తెరమీద చూపించాలి. లేకపోతే ఏడాది పోతుంది.

"పది నిమిషాలకే పెనంలా కాలి ఆగిపోతోంది హాజీ. కూలర్ ఎదురుగా పెట్టినా అంతే."

"ఆ తడిగాలి నీకు హాయి తల్లీ, దానికి జలుబు."

విప్పి చూస్తే ఫ్యాన్ నిండా దుమ్ము, దుప్పటి ముక్కలా పేరుకుపోయింది. రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్‌తో దులిపాను. చిప్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి బియ్యపు గింజంత కొత్తది పెట్టాను. గంటసేపు నడిపినా వెచ్చబడిందంతే.

"ఇక దుమ్ము దగ్గరికి రానివ్వకు," అని చెప్పి పంపాను.

మధ్యాహ్నం నమాజు కాగానే ఫోను. "మళ్లీ ఆగిపోయింది హాజీ."

నేను చేసిన పని అదే రోజు తిరిగి రావడం నలభై ఏళ్లలో లేదు. తలకు గుడ్డ చుట్టుకుని ఎండలోనే బయలుదేరాను.

వెళ్లి చూస్తే ల్యాప్‌టాప్ దిండు మీద ఉంది, అదీ బట్టలు తొడుక్కుని. మా ఇళ్లలో టీవీకి, నీళ్ల కుండకు, ఆఖరికి రిమోట్‌కు కూడా ముసుగు కుడతారు. నిబ్రాస్ నాయనమ్మ ఫఖ్రియా బీబీ, రేడియోకు కుట్టిన మఖ్మల్ ముసుగు విప్పి దీనికి బిగించారు. తెర, మీటలు తప్ప ఇంకేమీ కనబడటం లేదు.

"దుమ్ము రానివ్వొద్దన్నది నువ్వే కదా మన్షద్?" అన్నారు నన్ను చూడగానే.

"అన్నాను బీబీ. ఊపిరి ఆడనివ్వమని చెప్పలేదు. అది నా తప్పే."

"ఇరవై ఏళ్లనాటి కుట్టు. కత్తెర పెట్టమంటావా?"

రెండు కావస్తోంది. నిబ్రాస్ గోళ్లు కొరుకుతూ మా ఇద్దరినీ చూస్తోంది.

"మీ నాన్నగారింటి చెక్క కిటికీలు గుర్తున్నాయా బీబీ? జల్లెడలా చిల్లులు. ఎండ రాదు, గాలి వస్తుంది. దీనికీ పెట్టండి. అడుగున రెండు, పక్కన ఒకటి."

"మా నాన్న కిటికీని జల్లెడంటావా? నీ కళ్లజోడు మళ్లీ మార్చాలి," అంటూనే కత్తెర అందుకున్నారు.

ఆమె కత్తిరించి అంచులు కుట్టారు. నేను దిండు తీసేసి నాలుగు మూలలా సీసా మూతలు పెట్టాను. అరగంట నడిపాం. ఆగలేదు.

నాలుగింటికి అధ్యాపకుల ముందు కూడా నలభై నిమిషాలు ఆగకుండా నడిచింది. నిబ్రాస్ గట్టెక్కింది. ఒక అధ్యాపకుడు వంతెన గురించి రెండు ప్రశ్నలు, ముసుగు గురించి మూడు ప్రశ్నలు వేశాడట. మర్నాడే బీబీ దగ్గరికి వచ్చి ఒకటి కుట్టమన్నాడు. అతని ల్యాప్‌టాప్‌ను ముందు దుమ్ము దులిపించమని నా దుకాణానికి పంపారు బీబీ. ఆ వేసవిలో నేను విప్పిన మూడు వందల పన్నెండోది అదే.