పెద్దత్త కారుకి చక్రాలు

మా పెద్దత్త పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను అనకాపల్లిలో ఒక టైర్ల షాపు ముందు, ఆమె కారు చక్రం పట్టుకుని నిలబడి ఉన్నాను. నిజం చెప్పాలంటే ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మూడు చక్రాలు బిగించేశాం. ఈ ఒక్కటీ అయ్యేదాకా ఆగలేకపోయిందా అనిపించింది.

పెద్దత్త మా నాన్నకు అక్క. నర్సుగా పనిచేసి రిటైరై చోడవరంలోనే ఉండిపోయింది. పిల్లలు లేరు. మావయ్య బతికున్న రోజుల్లో కె.కోటపాడు వైపు పల్లెల్లో ఎవరికైనా కాన్పు కష్టమైందంటే ఇద్దరూ ఆ నల్ల కారులోనే బయల్దేరేవారు. అంబాసిడర్ల కంటే ముందు కాలం నాటి కారు అది. మావయ్య పోయాక దాన్నెవరూ నడపలేదు. పెరట్లో రేకుల షెడ్డు కింద, టైర్లు పగిలిపోయి, ఇటుకల మీద నిలబడి ఉండేది.

ఆ షెడ్డు కూలిపోయేలా ఉందని పాత ఇనుము కొనే అతన్ని పిలిపించాం. బండి కదలదు, ఇక్కడే ముక్కలు కోసి పట్టుకెళ్తానన్నాడు. ఇంట్లో అందరికీ అది సబబుగానే తోచింది. పెద్దత్త మాత్రం ఒప్పుకోలేదు. కారుని ఊరి చివర ఐ.టి.ఐ.లో మెకానిక్ పని నేర్చుకునే పిల్లలకి ఇస్తానని అప్పటికే మాటిచ్చేసిందట.

"ఇంజిను సంగతి ఆళ్ళు సూసుకుంటారు. సక్రాలు మాత్రం మనం బాగు సేసి, దొర్లించుకుంటూ తీసుకెళ్ళి అప్పజెప్పాలి" అంది.

మనం అంటే నేను. బడిలో లెక్కలు చెప్పుకునే నాకు ఆదివారం చర్చి నుంచి రాగానే అదే పని. నట్లు బిగుసుకుపోయి ఉన్నాయి. కిరోసిన్ పోసి నానబెట్టి, పానాకి పొడుగు గొట్టం తగిలించి తిప్పితే ఒక బోల్టు తెగి ఊడొచ్చింది. పాత టైర్లు రిమ్ములకి అతుక్కుపోయాయి. రంపంతో కోసి తీశాం. లోపలంతా తుప్పు.

పెద్దత్త పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. నేను గీకిన రిమ్ము చుట్టూ వేలితో రాసి, ఆ వేలు నాకు చూపించేది. వేలు ఎర్రగా ఉందంటే మళ్ళీ మొదటికి. ఒకసారి రంగులేసే అతను గుంటల్లో లప్పం పూసి నున్నగా రంగు కొట్టి తెచ్చాడు. చూడ్డానికి కొత్తవాటిలా ఉన్నాయి. ఆమె గోటితో కొట్టి చూసి, మొత్తం గీకించేసింది. "పుండు కడక్కుండా కట్టు కట్టకూడదురా" అనేది. ఆసుపత్రిలోనూ కొత్త నర్సులకి అదే చెప్పేదట.

ఇక టైర్లు. ఏ షాపుకెళ్ళినా ఆ సైజు ఇప్పుడు రావడం లేదన్నారు. జీపు టైర్లు తెచ్చి ఎక్కిస్తే మడ్‌గార్డుకి రాసుకున్నాయి. వెనక్కిచ్చేశాను. విశాఖపట్నంలో వెతగ్గా వెతగ్గా సన్నటివి దొరికాయి. తీరా ఎక్కించేటప్పుడు ఇనప కడ్డీ రంగుని గీసేసింది, లోపల ట్యూబు నలిగి చిరిగింది. కడ్డీ కింద గుడ్డ పెట్టమని ఆమె ముందే చెప్పింది, షాపతను వినలేదు. విసుగెత్తి ఆ రోజు ఆమె మీదే అరిచాను. కిలోమీటరు కూడా లేని దూరానికి ఇంత హంగామా ఎందుకన్నాను.

"మజ్జిలో కూలబడితే నువ్వు మోస్తావేటి?" అంది, నవ్వకుండా.

నాలుగో రిమ్ముకి వంకరుంది. తిప్పితే అటూ ఇటూ ఊగేది. ఎంత కొట్టించినా సరి కాలేదు. అప్పటికే పెద్దత్త జ్వరంతో మంచం పట్టింది. చూడ్డానికెళ్తే తన సంగతి చెప్పకుండా చక్రం సంగతే అడిగింది. ఉన్నది ఉన్నట్టు బిగించేస్తాను, ఒకసారి బయటికొచ్చి చూద్దువుగాని అన్నాను.

"వంకరతో బిగించకు. నాకోసం తొందర పడకురా బాబూ" అంది.

ఆ మాట విన్నందుకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. వినకపోయుంటే ఆ కారు నిలబడ్డం చూసి పోయేది. అలా చూస్తే సంతోషించేది కాదనీ తెలుసు.

సమాధి దగ్గర నుంచి వచ్చిన సాయంత్రమే ఎవరో పాత ఇనుము అతని మాట ఎత్తారు. నేను మర్నాడు అనకాపల్లి వెళ్ళి, చక్రం ఊగకుండా తిరిగేదాకా కొట్టిస్తూ అక్కడే కూర్చున్నాను. కడ్డీ కింద గుడ్డ నేనే పట్టుకున్నాను.

ఆ వారంలోనే ఒక పొద్దున్న నాన్న స్టీరింగు దగ్గర కూర్చుంటే మేం వెనక నుంచి తోశాం. వీధిలో ఒకావిడ, నర్సమ్మగారి కారేనా అని అడిగి, తనూ వచ్చి చెయ్యి వేసింది. వెనకాల కాస్త దూరంలో, గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు ట్రాక్టరు ఒకటి హారన్ కొట్టకుండా మెల్లగా వచ్చింది.

ఐ.టి.ఐ. గేటు దగ్గర ఆయాసం తీర్చుకుంటూ వెనక్కి చూశాను. మంచుకి తడిసిన మట్టిరోడ్డు మీద, మలుపు నుంచి మా కాళ్ళ దాకా, కొత్త టైర్ల అచ్చులు రెండు చారలుగా తిన్నగా పడి ఉన్నాయి. ట్రాక్టరు వాటిని తొక్కకుండా పక్కకి తప్పుకుని వెళ్ళింది.