కమ్మీ వెనక వేళ్లు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. చిన్నప్పుడు కూడా నమ్మలేదు. జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో, సరుకు నాణ్యత పరీక్షించే ల్యాబులో నా ఉద్యోగం. మిషను చూపించనిదాన్ని మేము కాగితం మీద పెట్టం. మా చర్చిలో ఎవరైనా సాక్ష్యం చెబుతూ "నాకొక స్వరం వినబడింది" అంటే అందరూ స్తోత్రం అంటారు. నేను మాత్రం ఎంత దూరం నుంచి, ఎవరికెవరికి వినబడింది అని లోలోపల అడుగుతుంటాను. అలాంటి నేను ఇది రాయాల్సి రావడం నాకే నామోషీగా ఉంది.

మాది మేళ్లచెరువు. మా నాయిన సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. ఆదివారం చర్చిలో స్టీల్ గిటారు వాయించేవాడు. ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, తీగల మీద నున్నటి స్టీలు కమ్మీ జరుపుతూ వాయించే గిటారు అది. స్వరం మనిషి గొంతులాగే సాగుతుంది.

నాయిన అమ్మను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. మా వైపు ఆ తరం మగవాళ్లు చాలామంది అంతే, భార్యను పిలవాలంటే పెద్ద బిడ్డ పేరు పెట్టి కేకేస్తారు. నాయిన "రూతూ" అంటే ఇద్దరం "ఆఁ" అని పలికేవాళ్లం. ఆ తర్వాత అమ్మ "నన్నా, దాన్నా?" అని అడిగేది. ఎక్కువగా అమ్మనే. ఆ ఇంట్లో నా పేరు మీద నాకున్న హక్కు తక్కువే.

నాయిన పోయిన రోజు మధ్యాహ్నం మంచం మీద నుంచి అలాగే పిలిచాడట. అమ్మ పెరట్లో నల్లా విప్పి బట్టలు ఉతుకుతోంది. అప్పటికే అమ్మకు చెవులు బాగా మందగించాయి. పక్కింటి సైదమ్మ పెద్దమ్మ విని, గోడ దగ్గరికొచ్చి చెయ్యి ఊపి చెబితే, అమ్మ లోపలికి పోయేసరికి అంతా అయిపోయింది. గుండెపోటు, పక్కనే ఉన్నా ఏమీ చేయలేకపోయేవారు అన్నాడు డాక్టరు. అమ్మకు ఆ మాట ఎక్కలేదు. అప్పటి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడుగుతుంది. "ఏం గావాల్నని పిలిచిండో బిడ్డా?" నీళ్లేమో, ఫ్యాను వెయ్యమనేమో.

అమ్మతో ఫోన్లో మాట్లాడటమంటే మన ఇంటి సంగతులు వాడకట్టు మొత్తానికి చెప్పుకోవడం. చెవి మిషను కొనిచ్చాం. గుయ్యిమంటోందని తీసి బియ్యం డబ్బాలో దాచింది.

గిటారు నేను తెచ్చుకున్నాను. నా దగ్గర భద్రంగా ఉంటుందని అమ్మతో చెప్పాను. నేర్చుకుంటున్నానని మాత్రం చెప్పలేదు. అమ్మకు చెబితే మేళ్లచెరువుకు చెప్పినట్టే, రేపు వాయించడం రాకపోతే పరువు పోతుంది.

జడ్చర్లలో కుట్టుమిషన్లు బాగుచేసే జహంగీర్ సార్ ఒకప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో స్టీల్ గిటారు వాయించేవారట. ఆయన దగ్గర చేరాను. పాఠం తక్కువ, సలహాలు ఎక్కువ.

"కమ్మీని గట్టిగ పట్టకు బేటా. అది కోడిపిల్ల. నొక్కితె సస్తది, ఇడిస్తె ఉరుకుతది."

"గిటారు మీది గీతలు సూస్కుంట ఆగకు. చెవి ఆగుమన్న కాడ ఆగు."

అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది ఇంకొకటి. కమ్మీ ఆనిన చోట తీగ రెండు ముక్కలవుతుంది. ముందు ముక్క మనం వాయించేది. వెనక ముక్క కూడా ఊరికే ఉండదు, సన్నగా మోగుతుంది. దాన్ని నోరు మూయించడానికి కమ్మీ వెనక రెండు వేళ్లు ఆనించాలి. "ఎనక వేళ్లు పెట్టు బేటా. లేకుంటె గాడ దయ్యాలు మాట్లాడతయ్" అనేవారు. నేను నవ్వేదాన్ని, వేళ్లు పెట్టడం మరిచిపోయేదాన్ని.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. గిటారుతో ఇంట్లో ఎవరినైనా పిలవాలి, వాళ్లు పరధ్యానంగా "ఆఁ" అనాలి. అప్పటిదాకా పాట నేర్పరు. నేను మా ఆయనతో మొదలుపెట్టాను. నోటితో పిలిస్తేనే పలకని మనిషి, గిటారుకు పలుకుతాడా? విసిగి విసిగి చివరికి ఒకరోజు "ఆఁ, పలికిన. ఇగ అన్నం వెట్టు" అన్నాడు. ఆకలికి పలికింది లెక్కలోకి రాదన్నారు జహంగీర్ సార్.

"నిన్ను ఎవ్వరు ఎక్కువ పిలిచిన్రో యాది చేసుకో. వాళ్లు పిలిచినట్టు నీ పేరే వాయించు" అన్నారు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర్చున్నాను. రూ అని కింది నుంచి పైకి జరిపి, కాసేపు నిలిపి, తూ అని మెల్లగా దించాలి. చాలాసార్లు పిల్లి అరిచినట్టు వచ్చింది. ఒక్కసారి మాత్రం అచ్చంగా నాయిన పిలుపే వచ్చింది. నా ఒళ్లు ఝల్లుమంది. ఆ ఝల్లు తగ్గకముందే ఫోన్ మోగింది. అమ్మ.

"రూతూ, మీ నాయిన పిలిచిండే. నన్నా, నిన్నా?"

కల వచ్చుంటుందని గొంతు చించుకుని చెప్పాను. "మెల్లగ మాట్లాడు, నేనేమన్న చెవిటిదాన్నా?" అని పెట్టేసింది.

కాకతాళీయం అనుకున్నాను. మళ్లీ జరిగింది. దాంతో నాలోని ల్యాబు మనిషి లేచింది. ఒక రోజు పొద్దున, ఒక రోజు సాయంత్రం, తలుపులు మూసి, తెరిచి, అన్ని రకాలుగా వాయించి చూశాను. శ్రుతి తప్పితే ఫోన్ రాదు. కమ్మీ వెనక వేళ్లు ఆనిస్తే, ఎంత బాగా వాయించినా రాదు. వేళ్లు ఎత్తి సరిగ్గా వాయిస్తే వస్తుంది. ఏ మిషను కూడా నాకు అంత నికరంగా ఫలితం ఇవ్వలేదు.

సాక్షి కావాలని సైదమ్మ పెద్దమ్మకు ఫోన్ చేసి, అమ్మ పక్కన కూర్చొమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. నేను వాయించాక పెద్దమ్మే ఫోన్ చేసింది. "చిక్కుడుకాయలు వలుసుకుంట కూసున్నది బిడ్డా. చెవుల కాడికి పోయి ఒర్రినా ఇనలే. ఉన్నట్టుండి ఆఁ, వస్తున్నా అని లేశి మీ నాయిన మంచం కాడికి పోయింది. రోజూ గట్లనే పోతాంది" అన్నది.

ఆ మాటతో నాకు చలిజ్వరం వచ్చినంత పనైంది. జహంగీర్ సార్‌కు చెబితే, ఎన్నో పెళ్లిళ్లు చూసిన మనిషి, చేతిలో సూది కింద పడేసుకున్నారు. "నేను మాట వరుసకన్న బేటా. మా ఉస్తాద్ నాకు చెప్పిండు, నేను నీకు చెప్పిన. నాకేం ఎరుక?" అన్నారు. పలికిన మనిషి మేళ్లచెరువులో ఉన్నా పలికినట్టేనని ఒప్పుకుని, పాట కూడా మొదలుపెట్టారు. నేను వేళ్లు ఆనించానో లేదో వంగి వంగి చూసేవారు.

ఖాళీ మంచం దగ్గరికి అమ్మను ఊరికే ఉరికించడం నాకు పాపమనిపించింది. వేళ్లు ఎత్తడం మానేశాను. వాయిద్యం శుభ్రపడింది. ఫోన్లు ఆగిపోయాయి. జహంగీర్ సార్ దుకాణానికి సాంబ్రాణి వేయించి, నా చెయ్యి కుదిరిందని మెచ్చుకున్నారు.

కొన్నాళ్లకు అమ్మ ఫోన్ చేసింది. తిట్టడానికేమో అనుకున్నాను. ఏడుస్తోంది.

"మీ నాయిన పిలుస్తలేడే. గా దినం ఇనరాలే, నా తప్పే. గిప్పుడు ఇనవడుతాంది, పలుకుతున్న గదా. మల్ల ఎందుకు అలిగిండు?"

నేను ఫోన్ పెట్టేసి గిటారు ఒళ్లోకి తీసుకున్నాను. వెనక వేళ్లు ఎత్తాను, కమ్మీ జరిపాను. మొదటిసారే సరిగ్గా వచ్చింది.

ఫోన్ మోగింది. "నన్నా, నిన్నా?"

"నిన్నే అమ్మా."

"ఆఁ, వచ్చిన, మంచం కాన్నే ఉన్న. ఏం గావాల్నట?"

నాకేం తెలుసు? ఇన్నాళ్లూ తెలియనిది ఆ నిమిషంలో ఎలా తెలుస్తుంది? కానీ నా నోరు నన్ను అడక్కుండానే జవాబు చెప్పింది.

"ఏం వద్దట అమ్మా. నువ్వు కానరాక ఊకెనే పిలిచిండట."

అటువైపు అమ్మ ముక్కు చీది, నవ్వింది. "ఏం పని లేదు గాయినకు. ఉతికే బట్టలు ఇడిసి ఉరికొస్తి" అన్నది.

ఆ తర్వాత కూడా వేళ్లు ఎత్తి వాయించి చూశాను. ఇక ఏ ఫోనూ రాలేదు. అమ్మ కూడా ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. జిల్లాలు దాటి ఆ పిలుపు ఎలా పోయిందో నాకు ఈరోజుకీ తెలియదు. దాన్ని మించి అర్థం కానిది ఇంకొకటుంది. ఆ చివరి మాట నేను ఏడుస్తూ, గుసగుసగా చెప్పాను. అరవలేదు. పక్క గదిలో ఉన్న మా ఆయనకు కూడా వినబడలేదు. అమ్మకు వినబడింది.