దొరల గుంటలో రాగి

ఆ రోజుల్లో బీఎస్సీ ప్యాసైన కుర్రాడికి లోకంలో తెలియనిదంటూ ఉండేది కాదు. నేను జియాలజీ చదివాను కాబట్టి లోకం కింద ఏముందో కూడా తెలుసు. (పైన ఏముందో చూసే తీరిక మాత్రం లేకపోయింది, ఆ సంగతి తరవాత.) డెబ్బైల్లో తిరువూరులో బస్సు దిగి ఇంటికి నడిచి వస్తూ, రోడ్డు పక్కన కంకర కుప్ప కనిపిస్తే ఆగి, రాళ్ళు ఏరి, వాటి పేర్లు పైకి చదివేవాణ్ణి. మా నాన్నకి బజార్లో ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉండేది. ఆ కొట్టు మెట్టెక్కడం నా చదువుకే అవమానమని నా అభిప్రాయం. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, వీధి అవతలి నుంచే "నాన్నా, అమ్మ అన్నానికి రమ్మంటోంది" అని కేకేసి పోయేవాణ్ణి.

నాకేమో వాల్తేరు వెళ్ళి ఎమ్మెస్సీ చదవాలని, నాన్నకేమో నన్ను గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టాలని. ఇంట్లో రోజూ ఇదే రామాయణం. చివరికి ఒకరోజు నాన్న విసిగిపోయి, "సరేరా, రాళ్ళ చదువు కూడు పెడుతుందంటావుగా. విజయదశమి లోపు మన చుట్టుపక్కల పనికొచ్చే రాయి ఒక్కటి చూపించు, వాల్తేరు పంపిస్తా. లేదా, పండగనాడు స్నానం చేసొచ్చి కొట్లో కూర్చో. ఇంక నోరెత్తకు" అన్నాడు. నాకు వాల్తేరు సముద్రం అప్పుడే వినపడినట్టయింది.

ఊరంతటికీ నా తరఫు మనిషి ఒక్కడే, మా అమ్మ తమ్ముడు. ఒక రైసుమిల్లు, ఒక మోటారు సైకిలు, ఏది చెప్పినా నమ్మేసే మనసు, ఇవీ ఆయన ఆస్తులు. "రెడ్డిగూడెం అవతల కొండవాలులో దొరల గుంటని ఒకటుందిరా అల్లుడూ. తెల్లోళ్ళ కాలంలో ఏదో గని తవ్వి వదిలేశారంట. వాళ్ళు ఊరికే తవ్వుతారేంటి?" అన్నాడు. ఊరికే తవ్వరు. మర్నాడే బయల్దేరాం. దారి పొడుగునా వెనక సీటు మీంచి ఆయన చెవిలో మా లెక్చరరు పాఠం ఒప్పజెప్పాను. "తుప్పు రంగులో ఎర్రగా ఉంటే ఇనుము మావయ్యా. నల్లగా ఉండి చేతికి మసి అంటితే మాంగనీసు. పసుపుగా తళతళలాడితే బంగారమని గంతులెయ్యకూడదు, అది గంధకం కలిసిన ఇనుము. ఆకుపచ్చో నీలమో కనపడిందా, ఇంక తిరుగులేదు, రాగి!" (అదే లెక్చరరు "రంగు చూసి మోసపోకండి, ముందు రాయి కడగండి" అని కూడా చెప్పాడట. ఆ పూట నేను మ్యాట్నీలో ఉన్నాను.)

మామిడితోటల మధ్య గుంట దగ్గర నరమానవుడు లేడు. వానలకి సగం నిండి ఉంది. దాని అంచున బండల మీద చూద్దును కదా, అచ్చం పాలపిట్ట రంగు! దసరాకి ముందే పాలపిట్ట కనపడినంత సంబరమైంది నాకు. మావయ్య కాలు నిలవలేదు. "ఇదేనా రాగి? ఇదేనా?" అంటూ బండ చుట్టూ తిరిగాడు. "తొందరపడకూడదు, పరీక్ష చెయ్యాలి" అన్నాను గంభీరంగా. పక్కనే రాతి పల్లంలో నీలినీళ్ళు నిలిచి ఉంటే, మావయ్య చాకు అడిగి అందులో ముంచి, ఆయన సిగరెట్టు అయ్యేదాకా ఉంచి తీశాను. చాకు ఎర్రగా, కొత్త రాగిచెంబులా నిగనిగలాడింది. మావయ్య నన్ను కావలించుకున్నాడు. అక్కడ పడి ఉన్న ఖాళీ గోతం పరుచుకుని ఇద్దరం కూర్చుని, గనికి అమ్మమ్మ పేరు పెట్టాలా, వెంకన్న పేరు పెట్టాలా అని కాసేపు పోట్లాడుకున్నాం.

చాకుతో పాటు ఒక నీలపు రాయిని కూడా పట్టుకుని, జీవితంలో మొదటిసారి కొట్టు మెట్లెక్కాను. నాన్న చాకు చూశాడు, రాయి చూశాడు, మీసం దువ్వుకుని, "రేపు నేనూ వస్తా" అన్నాడు. ఆ మీసం కింద నవ్వుందని నాకప్పుడు తెలియలేదు. మర్నాడు మోటారు సైకిలు మీద ముగ్గురం, నాన్న ఒళ్ళో గని దగ్గర కొట్టమని అమ్మ ఇచ్చిన కొబ్బరికాయ. గుంట చేరగానే నాన్న బండని వేలితో రాసి చూశాడు. తరవాత మేము ముందురోజు కూర్చున్న గోతం ఎత్తి తిప్పాడు. దాని మీద మా కొట్టు ముద్ర!

నాన్న నవ్వలేక పొట్ట పట్టుకుని ఆ గోతం మీదే కూలబడ్డాడు. "ఒరే, ఇది మైలుతుత్తంరా! తోటలోళ్ళు నా దగ్గర కొనుక్కొచ్చి, ఇక్కడ నీళ్ళున్నాయని ఇక్కడే సున్నంతో కలిపి, తెగులు రాకుండా మామిడిచెట్లకి కొడతారు. కలిపిన మందులో వాళ్ళూ కత్తి ముంచి చూసుకుంటారు. ఎర్రబడిందంటే గని దొరికినట్టు కాదురా, సున్నం చాలనట్టు!"

నా శాస్త్రం తప్పలేదని మనవి చేసుకుంటున్నాను. మైలుతుత్తంలో ఉన్నది రాగే. కాకపోతే అది భూమిలోంచి రాలేదు, మా కొట్లోంచి వచ్చింది. "అయితే రాగి ఉన్నట్టేగా బావా?" అన్నాడు మావయ్య, ఇంకా ఆశ చావక. తెచ్చిన కాయ వెనక్కి తీసుకెళ్ళకూడదని నాన్న అక్కడే కొట్టాడు. వాళ్ళిద్దరూ కొబ్బరి తింటూ నవ్వుతుంటే నాకు మాత్రం ఏడుపొచ్చింది. వాల్తేరు చేజారిపోయింది.

మాట మాటే కాబట్టి విజయదశమి నాడు తలంటుకుని కొట్టుకి వెళ్ళాను. నాన్న గల్లా ముందు నుంచి లేవలేదు. "నీకో దణ్ణంరా నాయనా. నువ్విక్కడ కూర్చుంటే మైలుతుత్తం అడిగినోడికి గని అమ్ముతావు. వాల్తేరే పో. రాళ్ళు కడగడం నేర్పుతారేమో కనుక్కో" అన్నాడు. ఆ నీలపు రాయి మాత్రం ఇవ్వలేదు. కాగితాలు ఎగిరిపోకుండా దాన్ని గల్లా మీద పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ "మావాడి గనిలోదండీ" అని చూపించేవాడు.

నాన్న పోయాక అది నా బల్ల మీదికి వచ్చింది. ఉద్యోగమంతా రాళ్ళతోనే గడిచింది, చేతికొచ్చిన ప్రతి రాయినీ ముందు కడిగాను. దీన్ని మాత్రం ఇప్పటికీ కడగలేదు. కడిగితే ఆ నీలం కింద నిజంగానే రాగి బయటపడిందనుకోండి, పరుగెత్తుకెళ్ళి చెప్పడానికి ఆ కొట్లో నాన్న లేడు కదా.