గోడ మీద నూలు దండ

డెబ్భైల చివర నందవరం దగ్గర ఒక పల్లె బడిలో టీచరుగా కొత్తగా చేరాను. ఊరి బావిలో నీళ్లు చేదుకున్నారని హరిజనవాడ వాళ్లను కొట్టారు. ఆ తర్వాత గాంధీ జయంతికి బళ్లోనే శాంతి సభ పెట్టాం. ఆదోని నుంచి వచ్చిన పెద్దమనిషి, ఆ వాడ పెద్ద నాగన్న తన మెడలో వేసిన నూలు దండతోనే అతన్ని కౌగిలించుకున్నాడు. నాకు కళ్లు చెమర్చాయి.

సభ అయ్యాక ఆ పెద్దమనిషి బడి వెనక్కి వచ్చి, దండ, చొక్కా తీసేశాడు.

"ఇన్ని నీళ్లు పొయ్యమ్మా. వాన్ని ముట్టుకున్న ఒంటితో ఇంట్లోకి యాడ పోయేది?"

పోశాను. తలెత్తితే ఎదురుగా నాగన్న. కింద పడి ఉన్న దండ తీసి దులిపాడు.

"తడిసిపోతాది సామీ, ఈడ పెడతాండా" అని గోడ మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ పెద్దమనిషిని తలుచుకుంటే ఇప్పటికీ తిట్టుకుంటాను. కానీ మంత్రాలయంలో మా నాన్నకు మడినీళ్లు పోసి అలవాటైన నా చెయ్యి, నాగన్న వెళ్లాక కూడా చెంబు దించకుండా పోస్తూనే ఉంది.